విసిరినంత వేగంతోనే...

మామిడిచెట్టు కింద చేరి పిల్లలు రాళ్లు విసరడం మనకు కొత్తేం కాదు. కాయ రాలితే సంబరం. గురి తప్పితే? ఆ రాయి ఏమైందో ఎవరూ పట్టించుకోరు. కానీ నిట్టనిలువుగా పైకెళ్లిన రాయి వచ్చి పడేది విసిరినవాడి నెత్తిమీదే. అదీ ఇంచుమించు విసిరినంత వేగంతోనే!

'ఆరోహణ కాలం, అవరోహణ కాలం సమానం' అని చదువుకునే రోజుల్లో బట్టీ పట్టింది గుర్తుందా? దాని అర్థం ఇదే. పైకి వెళ్తున్న రాయి వేగంలోంచి భూమి ప్రతి సెకనుకూ 9.8 మీటర్లు కోసేస్తుంది. తేలిగ్గా ఉండటానికి 10 అనుకుందాం. సెకనుకు 20 మీటర్ల వేగంతో విసిరితే, ఒక సెకను గడిచేసరికి మిగిలేది 10. రెండో సెకను పూర్తయ్యేసరికి సున్నా. ఇక దిగడమే. అప్పుడు కోసినదంతా అదే లెక్కన తిరిగి ఇచ్చేస్తుంది. మొదట 10, తర్వాత 20. అంటే గంటకు 72 కిలోమీటర్లు! గాలి అడ్డుపడి కొంత తగ్గించినా, రాయి విషయంలో అది కొంచెమే. పడే వస్తువు వేగం కాలంతోపాటు సమానంగా పెరుగుతుందని ఇటలీ శాస్త్రవేత్త గెలీలియో 1638లో అచ్చయిన పుస్తకంలోనే వివరించాడు.

ఇక్కడ పిల్లలు తరచూ ఓ పొరపాటు చేస్తుంటారు. పైకొసన వేగం సున్నా కాబట్టి రాయిమీద బలం కూడా ఉండదనేస్తారు. అదే నిజమైతే రాయి అక్కడే వేలాడుతూ ఉండిపోవాలిగా! భూమి లాగడం క్షణం కూడా ఆపదు.

ఈ ఆదివారం మీరే ఓ లెక్క చేసి చూడండి. మైదానంలో పిల్లలచేత టెన్నిస్ బంతిని నిటారుగా పైకి వేయించండి. చెయ్యి వదిలింది మొదలు మళ్లీ చేతికి చిక్కేదాకా ఎన్ని సెకన్లు పట్టిందో సెల్‌ఫోన్‌లోని స్టాప్‌వాచీతో చూడండి. అందులో సగాన్ని దానితోనే హెచ్చవేసి, వచ్చినదాన్ని ఐదుతో గుణించండి. చేతి నుంచి బంతి అన్ని మీటర్ల ఎత్తుకు వెళ్లిందన్నమాట. 2 సెకన్లయితే 5 మీటర్లు. 4 సెకన్లయితే 20 మీటర్లు... దాదాపు ఆరంతస్తుల మేడంత! కాలం రెట్టింపైతే ఎత్తు నాలుగు రెట్లు.

ఆ తర్వాత 'మరి ఇదే రాయైతే?' అని అడగండి. జవాబు వాళ్లే చెబుతారు. ఈసారి మామిడికాయలకు వెళ్లేటప్పుడు దోటి ఎక్కడుందని అడిగినా అడుగుతారు.