పిల్లికి పెరుగన్నం చాలదు

పిల్లిని ఎంతో ప్రేమతో పెంచుతూ, దానికి పెరుగన్నంతోనే సరిపెట్టే ఇళ్లు మనలో అనేకం. నేను మనుషుల వైద్యుడినే; అయినా పోషకాహార లోపం ఏ ప్రాణికైనా ముప్పే కనుక ఈ నాలుగు మాటలు.

పిల్లి స్వభావతః మాంసాహారి. టారిన్ అనే పోషకాన్ని దాని శరీరం తగినంతగా తయారు చేసుకోలేదు; మాంసం, చేపల నుంచి పొందాలి. అది కొరవడితే నెలల తరబడి పైకి ఏమీ కనిపించదు. క్రమేణా చూపు పోతుంది, గుండె కండరం బలహీనపడుతుంది. ఈ గుండెజబ్బుకు టారిన్ లోపం కారణమని 1987లో వెల్లడైన తరువాతనే తయారీదారులు తమ ఆహారంలో దానిని పెంచారు.

కొనేటప్పుడు సంచి మీది బొమ్మను కాదు, వెనుకనున్న అక్షరాలను చూడండి. ‘కంప్లీట్ అండ్ బ్యాలన్స్‌డ్’ అని ఉండాలి; పదార్థాల జాబితాలో మాంసమో చేపో ముందుండాలి. ఈ రెండూ ఉంటే ఖరీదైన రకమే కావాలని లేదు. చౌక అని కుక్కల ఆహారం మాత్రం పెట్టవద్దు. చికెన్ దుకాణంలో తక్కువ ధరకు దొరికే కోడి గుండెకాయలను ఉడికించి, అప్పుడప్పుడు కొద్దిగా కలపండి. ఉడికిన నీటిని పారబోయకండి. టారిన్ అందులోకి దిగుతుంది. ఉల్లి, వెల్లుల్లి, ఉడికిన ఎముకలు వద్దు.

నోరులేని జీవి తన లోపాన్ని చెప్పుకోలేదు, గమనించవలసింది మనమే.