అల్యూమినియం తెట్టు నుండి లోహాన్ని రాబట్టడం

కరిగిన అల్యూమినియంపై గాలి తగిలినచోట పేరుకునే పొరను అల్యూమినియం తెట్టు అంటారు. పరిశ్రమ వ్యవహారంలో దీని పేరు "డ్రాస్". చూడడానికి బూడిద గడ్డలవలె ఉన్నా, ఇందులో అల్యూమినియం ఆక్సైడుతో పాటు చిక్కుకుపోయిన లోహం కూడా ఉంటుంది. ఖనిజం నుండి లోహం తీసే కర్మాగారాల తెల్ల తెట్టులో ఈ లోహం సగం వరకు, ఒక్కోసారి అంతకు మించి ఉంటుంది. ఉప్పు వాడి తుక్కును కరిగించేచోట వచ్చే నల్ల తెట్టులో అది తక్కువ.

తెట్టును "ఎర్ర మట్టి"తో పొరబడరాదు. ఎర్ర మట్టి బాక్సైటు నుండి అల్యూమినాను వేరుచేసినప్పుడు మిగిలే వ్యర్థం. 2010లో హంగరీలోని అజ్కా వద్ద కట్ట తెగి ఊళ్ళను ముంచెత్తినది అదే. తెట్టు ఆ తరువాతి దశకు, అంటే లోహాన్ని కరిగించి పోతపోసే కొలిమికి చెందినది.

ఎందుకు రాబట్టాలి

అల్యూమినా నుండి విద్యుద్విశ్లేషణ ద్వారా ఒక కిలో అల్యూమినియం తీయడానికి సుమారు 13 నుండి 15 యూనిట్ల విద్యుత్తు కావాలి. ఒకసారి లోహంగా మారినదానిని తిరిగి కరిగించడానికి ఆ శక్తిలో దాదాపు 5 శాతం సరిపోతుంది. కనుక తెట్టుతో పారవేసిన ప్రతి కిలో లోహంతో అంత విద్యుత్తూ పోయినట్లే. భారతదేశంలో 2023–24లో 41 లక్షల టన్నులకు పైగా ప్రాథమిక అల్యూమినియం తయారైంది. టన్ను లోహానికి 15 నుండి 25 కిలోల తెట్టు వస్తుందనే సాధారణ లెక్కను బట్టి చూస్తే, ఏడాదికి సుమారు 60 వేల నుండి లక్ష టన్నుల తెట్టు వస్తుందన్నమాట. ఝార్సుగూడ, అంగుల్, కోర్బా వంటి కేంద్రాలు ప్రధానంగా బొగ్గు విద్యుత్తుపై నడుస్తున్నాయి.

పద్ధతులు

కొలిమి నుండి తీసిన తరువాత కూడా తెట్టులోని లోహం మండుతూనే ఉంటుంది. అందువలన మొదటి పని దానిని త్వరగా చల్లార్చడం. వేడి తెట్టును ప్రెస్సులో నొక్కితే కొంత లోహం కిందికి కారుతుంది, మిగిలినది మండడం ఆగుతుంది. ఆ తరువాత దానిని తిరిగే కొలిమిలో సోడియం క్లోరైడు, పొటాషియం క్లోరైడు, కొద్దిగా ఫ్లోరైడు లవణం కలిపి వేడిచేస్తారు. లోహపు బొట్లను చుట్టుకున్న ఆక్సైడు పొరను ఈ లవణాలు విడగొడతాయి. బొట్లు కలిసి అడుగుకు చేరతాయి. ఉప్పు లేకుండా ప్లాస్మాతో వేడిచేసే పద్ధతి కూడా ఉన్నది. కెనడాలోని క్యుబెక్‌లో ఆల్కాన్ సంస్థ దీనిని 1990లలో వాడింది.

లోహం పోగా మిగిలేది

అసలు చిక్కు ఇక్కడే ఉన్నది. లోహానికి ధర పలుకుతుంది కనుక దానిని తీయమని ఎవరూ ఒత్తిడి చేయనవసరం లేదు. లోహం తీసిన పిదప ఉప్పు, ఆక్సైడు, నైట్రైడు కలిసిన ముద్ద మిగులుతుంది. దీనిని "సాల్ట్ కేక్" అంటారు. తడి తగిలితే ఇందులోని అల్యూమినియం నైట్రైడు నుండి అమ్మోనియా, కార్బైడు నుండి మీథేన్, మిగిలిన లోహపు రేణువుల నుండి హైడ్రోజన్ వెలువడతాయి. ఉప్పు కరిగి భూగర్భ జలాలలో చేరుతుంది. అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, స్టార్క్ కౌంటీలో అల్యూమినియం వ్యర్థాలను పూడ్చిన ఒక చెత్త మేటలో అవి తడితో చర్య జరిపి లోలోపల వేడెక్కాయి. 2006 నాటికి ఆ దుర్వాసన చుట్టుపక్కల నివాసాలను పట్టుకుంది.

దీనికి పరిష్కారం తెలియనిది కాదు. జర్మనీ, స్పెయిన్ దేశాలలోని కర్మాగారాలు ఈ ముద్దను పొడిచేసి నీటిలో కలుపుతాయి, వెలువడే వాయువులను పట్టి శుద్ధిచేస్తాయి, నీటిని ఇగిర్చి ఉప్పును తిరిగి కొలిమికి పంపుతాయి. మిగిలిన ఆక్సైడు సిమెంటు వంటి పరిశ్రమలకు పోతుంది. అయితే ఇందులో లాభం స్వల్పం. పూడ్చడం చౌకగా ఉన్నంతకాలం ఎవరూ తమంతట తాము ఈ పని చేయరు. అందుచేత "ఇంత శాతం లోహం రాబట్టాము" అనే ప్రకటనలో సగం సంగతే ఉన్నది. మేటకు ఎంత పోయిందో కూడా చెప్పాలి.

భారతదేశంలో 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల మొదటి షెడ్యూలులో తెట్టు, సాల్ట్ కేక్ వంటి వ్యర్థాలు ఉన్నాయి. ఆ నిబంధనలకు 2025లో చేసిన సవరణ 2026 ఏప్రిల్ 1 నుండి అల్యూమినియం తుక్కు పునర్వినియోగ బాధ్యతను ఉత్పత్తిదారులపై ఉంచుతున్నది. తుక్కు ఎక్కువగా కరిగితే నల్ల తెట్టు కూడా ఎక్కువవుతుంది. చిన్న కొలిములలో దానిని దంచి, జల్లించి లోహపు ముక్కలు ఏరుకొనే పద్ధతి ఇప్పటికీ ఉన్నది. ఆ పొడి మొదట చేరేది పనివారి ఊపిరితిత్తులకే.