1/70 జోలికి రావద్దు

పర్యాటకం పెరగాలంటే ఏజెన్సీలో గిరిజనేతరులకు భూమి బదిలీని నిషేధించే 1/70 చట్టాన్ని సడలించాలన్న మాట 2025 జనవరిలో విశాఖ సదస్సు వేదిక మీదే వినిపించింది. ఫిబ్రవరిలో మన్యం బంద్ పాటించింది. చట్టాన్ని కదపబోమని ముఖ్యమంత్రి హామీ ఇచ్చారు. అంతటితో గొడవ సద్దుమణిగింది గానీ ఆలోచన మాత్రం పోలేదు. గిరిజనుడి మేలు కోసం తెచ్చిన చట్టమే అతని అభివృద్ధికి అడ్డుపడుతోందని, ఒకే దేశంలో రెండు రకాల న్యాయం ఏమిటని చదువుకున్నవాళ్లే అంటున్నారు. ఇది పూర్తిగా తప్పు.

ఏజెన్సీ భూములు ఎలా చేతులు మారాయో చూడండి. వానాకాలంలో గింజలు నిండుకుంటాయి. షావుకారు అప్పిస్తాడు. పంట వచ్చాక కొలత అతనిదే, ధర అతనిదే, లెక్క రాసిన పుస్తకమూ అతనిదే. నాలుగేళ్లకు ఆ బాకీ కింద చేను పోతుంది, తెల్లకాగితం మీద వేలిముద్ర పడుతుంది. దీన్ని ఆపాలని మద్రాసు ప్రభుత్వం 1917లోనే చట్టం చేసింది, ఆగలేదు. 1959లో ఆంధ్రప్రదేశ్ మరో రెగ్యులేషన్ తెచ్చింది, అప్పటికీ ఆగలేదు. భూమి తనదని నిరూపించుకోవాల్సిన బరువు గిరిజనుడి మీదే ఉండేది. అతని దగ్గర కాగితం లేదు, షావుకారు దగ్గర ఉంది. 1970లో వచ్చిన ఒకటో రెగ్యులేషన్ ఆ బరువును తిప్పి పెట్టింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందనే భావించాలి. కాదంటే అతనే రుజువు చూపాలి. 1/70కి ప్రాణం ఇక్కడుంది. సడలింపు కోరేవాళ్లకు కంటగింపూ ఇదే.

తరతరాలుగా ఇక్కడే ఉన్న గిరిజనేతర పేదల సంగతేమిటని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. సక్రమంగా సంక్రమించిన భూమిని చట్టం లాక్కోదు. అమ్ముకోదలిస్తే గిరిజనుడికి అమ్మాలి. కొనే గిరిజనుడు దొరక్కపోతే పరిహారం చెల్లించి ప్రభుత్వమే తీసుకునే ఏర్పాటు కూడా అందులోనే ఉంది. గిరిజనుడికి బ్యాంకు అప్పు పుట్టదన్న వాదనా నిలవదు. స్వాధీనం వదులుకోకుండా సహకార సంఘాలకు, ప్రభుత్వం ఆమోదించిన బ్యాంకులకు తనఖా పెట్టే వీలు 1971 సవరణలోనే కల్పించారు.

ఇక సమానత్వం. దేశంలో ఎక్కడైనా నివసించే హక్కునిచ్చిన 19వ అధికరణమే షెడ్యూల్డ్ తెగల ప్రయోజనాల కోసం ఆ హక్కుకు పరిమితులు పెట్టవచ్చని చెబుతోంది. ఐదో షెడ్యూలు గవర్నరుకు ప్రత్యేక అధికారమిచ్చింది. 1988లో రామిరెడ్డి కేసులో సుప్రీంకోర్టు 1/70ని సమర్థించింది. 1997 జులైలో సమత తీర్పు ఇంకా ముందుకెళ్లి, ఏజెన్సీలో ప్రభుత్వం కూడా ప్రైవేటు గనుల కంపెనీలకు భూమి లీజుకివ్వరాదంది. రాజ్యాంగమే ఒప్పుకున్న తేడాను రాజ్యాంగానికి విరుద్ధమని ఎలా అంటారు?

ఏజెన్సీ బడుల్లో టీచరు ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన 3వ నంబరు జీవోను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఇదే సమానత్వం పేరుతో కొట్టేసింది. ఆ తీర్పుతో ఏకీభవించలేను. కువి భాష మాట్లాడే పిల్లకు కువి వచ్చిన టీచరు దొరకడం ఎవరికి అన్యాయం?

నిజానికి ఓడిపోయింది 1/70 చట్టం కాదు, దాని అమలు. రోడ్డు పక్కన లాడ్జి లైసెన్సు గిరిజనుడి పేరున ఉంటుంది, రాత్రిపూట అదే మనిషి గేటు దగ్గర కాపలా ఉంటాడు. భూ బదలాయింపు (ఎల్‌టీఆర్) కేసు స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ దగ్గర గెలిచినా ప్రభుత్వ ఏజెంటు దగ్గర అప్పీలు, ఆపైన హైకోర్టులో స్టే. అదీ దాటితే అప్పగించినట్టు పంచనామా రాస్తారు, దున్నేది మాత్రం పాత ఆసామే. ఇన్నేళ్ల రక్షణ తర్వాత కూడా ఏజెన్సీ సాగుభూమిలో దాదాపు సగం గిరిజనేతరుల చేతుల్లో ఉందని ప్రభుత్వ లెక్కలే ఒప్పుకున్నాయి.

సవరణ కావాలనే శాసనసభ్యులకు ఒక్కటే విజ్ఞప్తి. గిరిజనులకు అనుకూలంగా వచ్చి అమలు కాకుండా పడి ఉన్న ఎల్‌టీఆర్ తీర్పుల జాబితాను మండలాలవారీగా ముందు సభలో పెట్టించండి. ఆ భూములు అప్పగించాక, గ్రామసభలు కోరితే, అప్పుడు సవరణ గురించి మాట్లాడండి.