ఎరవు తుపాకి

కేసముద్రము మొదలుకొని మానుకోట, గూడూరు, బయ్యారము వరకు మక్కచేలు గింజపట్టు దినములలో ఊరూర నొక మాట వినవచ్చుచుండును. అడవిపందులు పొలములపై బడినవి. ఒక్క రాత్రిలో అరయెకరము నేలమట్టమైనది. ఎవరి యింటనైన లైసెన్సు తుపాకి కలదా? కలదేని దాని యజమాని గడపకు మొదట వచ్చువాడు పరాయివాడు కాడు. తమ్ముడో, వియ్యంకుడో, చెల్లెలి మగడో అయియుండును. "చేనంత పాయె బావా, నాలుగు రాత్రులు తుపాకియ్యరాదె" అని వాకిట నిలుచును. ఎడ్ల నడిగిన నిచ్చితిమి, బండి నడిగిన నిచ్చితిమి, పెండ్లికి నగ లడిగిన నిచ్చితిమి. దీనిని మాత్రము కాదనుట యెట్లు? చూచుటకు ఇది ఇంటి గొడవవలె కనబడును. కాని ఇందు శాసనము కలదు, చుట్టరికము కలదు, ప్రాణము కలదు. కావుననే దీనిని పఠనమందిరములలో నలుగురు కూర్చుండి విచారింపదగిన విషయముగా మేము నేడు ఎత్తుకొనుచున్నాము.

మొదట శాసన మేమనుచున్నదో చూతము. 1959వ సంవత్సరపు ఆయుధముల చట్టము 1962 అక్టోబరు 1వ తేదినుండి అమలునందున్నది. దాని మూడవ సెక్షను ననుసరించి లైసెన్సు ఒక మనిషికి ఇయ్యబడునది. ఇంటికి గాదు, వంశమునకు గాదు. ఒక వెసులుబాటు మాత్రము కలదు. లైసెన్సుదారుని సమక్షమున గాని, అతడు వ్రాసియిచ్చిన అధికారపత్రముతో గాని వేరొకడు తుపాకిని మోయవచ్చును. అయితే అది మరమ్మతునకు, లైసెన్సు పునరుద్ధరణకు, లైసెన్సుదారుని సొంత వినియోగమునకు మాత్రమే. బావమరది చేనికి కాపలా కాయుట ఈ మూడింటిలో దేనిక్రిందికిని రాదు. "చీటి వ్రాసియే యిచ్చితిని గదా" యని మన పల్లెలలో కొందరు ధైర్యముగ నుందురు. ఆ చీటి తుపాకిని కమ్మరి యొద్దకు గాని, కచ్చేరికి గాని చేర్చుటకు పనికివచ్చును. చేనిలో పేల్చుటకు పనికిరాదు.

శిక్షయు స్వల్పము కాదు. 2019లో చట్టమును సవరించిన పిమ్మట లైసెన్సు లేక తుపాకి యుంచుకొనినవానికి రెండేండ్లకు తక్కువ గాక, అయిదేండ్ల వరకు ఖైదు, జుల్మానా విధింపవచ్చును. పుచ్చుకొనువానికి అర్హత కలదో లేదో విచారింపకయే ఆయుధము నప్పగించినవానికి ఇరువదితొమ్మిదవ సెక్షను క్రింద మూడేండ్ల వరకు ఖైదు కలదు. లైసెన్సు రద్దగుట దీనికి అదనము. అనగా నాలుగు రాత్రుల కాపలాకై ఇచ్చినవాడును పుచ్చుకొన్నవాడును ఒకే కుటుంబమునుండి ఇద్దరుగ న్యాయస్థానమున నిలువవలసి వచ్చును. చెల్లెలికి చేసిన ఉపకారము చెల్లెలి మగనిని చెరకు పంపిన, ఆ ఉపకారమునకు పేరేమి? ఎరవు సొమ్ము బరువు చేటని పెద్దలు నగలనుగూర్చి యన్నారు. తుపాకి విషయమున ఆ బరువు ఇచ్చినవాని మెడను గూడ పట్టును.

ఇచట మా పాఠకులలో కొందరికి ఆవేశము కలుగుట సహజము. ఆయుధముల చట్టమును ఆంగ్లేయుని చట్టముగనే దూషించుచు పెరిగిన జాతి మనది. 1878లో లిట్టన్ కాలమున వచ్చిన చట్టము తెల్లవానిని విడిచి నల్లవానినే లైసెన్సు అడుగుచుండెను. జాతి నంతటిని నిరాయుధము గావించిన ఆ చట్టమును బ్రిటిషు పాలనలోని దుష్కృత్యములలో మిక్కిలి నల్లనిదానిగ గాంధీమహాత్ముడు ఎంచెను. 1930 జనవరిలో ఆయన వైస్రాయి ముందుంచిన పదునొకండు కోర్కెలలో ఆత్మరక్షణకు తుపాకి లైసెన్సు లిచ్చుటయు నొకటి. 1931 కరాచీ కాంగ్రెసు వెలువరించిన ప్రాథమిక హక్కుల తీర్మానములో సయితము ఆయుధధారణ చేరినది. నిజమే. కాని ఆ తీర్మానము నిబంధనలకు లోబడిన హక్కునే కోరినదని మరువరాదు. 1948 డిసెంబరులో రాజ్యాంగసభయందు కామత్‌గారు ఆయుధధారణను ప్రాథమిక హక్కుగ చేర్పవలెనని సవరణ తెచ్చిరి. సభ దానిని త్రోసిపుచ్చినది. నాటి వివాదము తెల్లవానికొక న్యాయము, మనకొక న్యాయము అనుటను గూర్చి. నేటి చట్టమున ఆ భేదము లేదు. దొరకును, రైతుకును ఒకటే పత్రము. దరఖాస్తు పెట్టిన రైతునకు ఆ పత్రము దొరకు దొరకినంత వేగముగ దొరకుచున్నదా యనునది వేరు ప్రశ్న. దానికి ఈ వ్యాసముననే వత్తుము.

తుపాకి యొకనిది, చేయి మరియొకనిది యగుటవలన నేమగునో ఓరుగల్లు సీమకు పుస్తకములు చూచి నేర్చుకొనవలసిన పనిలేదు. జనగామ తాలూకా కడివెండిలో 1946 జులై 4వ తేదిన విసునూరు దేశ్‌ముఖు మనుషులు ఊరేగింపుపై తుపాకులు పేల్చగా దొడ్డి కొమరయ్య నేలకొరిగెను. తుపాకులు దొర పక్షమువి, వ్రేళ్లు జీతగాండ్రవి. దొర పేల్చలేదు. పేల్చినవాడు, నే నెవడను, దొర చెప్పె, నేను చేసితి ననును. తుపాకి చేతులు మారినపుడు మొదట మాయమగునది బాధ్యత. గడిలో నొక తుపాకి యున్న ఊరికి ఒక భయము. ఆ తుపాకి అడిగినవాని చేతికెల్ల పోవుచున్న ఊరికి ఇంటింట భయము. నాటి తెలంగాణపు పల్లె ఈ రెండవ భయము ననుభవించినది.

అయితే దీనికి మారుమాట యొకటి కలదు. దానిని దాచుట మాకు న్యాయముగ తోచదు. 1948 ఆగస్టు 27వ తేదిన రజాకార్లు బైరాన్‌పల్లిపై విరుచుకుపడినపుడు ఆ గ్రామస్థులు బురుజునెక్కి వడిసెలలతో, భర్మారు తుపాకులతో ఎదిరించిరి. ఒకడు అలసిన మరియొకడు ఆ తుపాకి నందుకొని యుండడా? లైసెన్సు ఎవని పేర నున్నదని ఎవడైన అడిగియుండునా? అడుగలేదు, అడుగవలసిన పనియు లేదు. ఊరి నంతటిని చంపవచ్చినవాని వెనుక ప్రభుత్వమే నిలిచినపుడు మొరపెట్టుకొనుటకు ఠాణా ఎక్కడిది? అట్టి దినమున పొరుగువాని చేతికి తుపాకి నందించుట దోషమని మే మనజాలము. కాని ఆ దినమును నేటి మక్కచేనికి తెచ్చి అతికించుటయే తగదు. ఆ సెప్టెంబరుననే నిజాము రాజ్యము కూలెను. కేసముద్రమున నేడు ఠాణా కలదు, మానుకోటలో 2016నుండి జిల్లా కచ్చేరి కలదు. వీరుల పేరు చెప్పి పందులవేటకు తుపాకి ఎరవడుగువారిని చూచిన మాకు నవ్వు వచ్చుచున్నది.

పందుల బాధ మాత్రము నవ్వదగినది కాదు. ఒక కారు కష్టము ఒక్క రాత్రిలో పోవుట చూచినవానికి శాసనపు సెక్షనులు వినుటకు ఓపిక యుండదు. అయినను చెప్పక తప్పదు. తుపాకి ఎరవు దొరకినంతమాత్రమున అడవిపందిని కాల్చు హక్కు దానితో రాదు. 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము పదునొకండవ సెక్షను ననుసరించి, పంటకు చేటు చేయు జంతువును చంపుటకు రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడు గాని, ఆయన అధికారమిచ్చిన అధికారి గాని వ్రాతమూలమున అనుమతి నియ్యవలెను. అది లేక కాల్చిన రెండవ నేరము. లైసెన్సుదారుడు తానే తన తుపాకితో బావమరది చేనికి పోయి కాపలా కూర్చుండవచ్చునా యన్నచో, తన లైసెన్సు ఏ పనికి, ఏ ప్రాంతమునకు ఇయ్యబడినదో మొదట చదువుకొనవలెను. అది అనుమతించిన, అటవీశాఖ పత్రమును చేతనున్న, పోవచ్చును. తుపాకి నిచ్చుటకన్న తానే పోవుట నిజమైన చుట్టరికమని మా అభిప్రాయము. నిదుర చెడునది ఇచ్చినవానికేగాని అడిగినవానికి గాదు. అందువలననే కాబోలు ఎక్కువమంది తుపాకి నిచ్చి ఇంట పండుకొనుటకే ఇష్టపడుదురు.

తుపాకి లేనివారు చేయుచున్న పని ఇంతకన్న ఘోరము. చేని చుట్టు తీగ కట్టి దానికి విద్యుత్తు తగిలించుచున్నారు. పంది చచ్చునో లేదో గాని, తెల్లవారుజామున నీరు పెట్టబోయిన పక్కచేని రైతు చచ్చుచున్నాడు. కొన్నిచోట్ల తీగ కట్టినవాడే మరచిపోయి తగులుకొని చచ్చుచున్నాడు. రాష్ట్రమందు ఇట్టి మరణములను గూర్చి విననివారు లేరు. మంచెపై వంతులవారిగ ఊరివారు కాపలా కాయుట పాత పద్ధతియే, చెడ్డ పద్ధతి కాదు. గట్ల వెంబడి ముండ్లు గల కుసుమపంటను, మక్కచుట్టు ఆముదమును వరుసలుగ వేసిన పందుల రాక తగ్గునని వ్యవసాయశాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. వీని నన్నిటిని చేసినను నష్టము పూర్తిగ తీరునని మే మనుటలేదు.

ఇక మరియొక మాట. అడుగువాడు ఏల అడుగుచున్నాడో మన కెల్లప్పుడును తెలియదు. పందులకని అడిగినవాని మనస్సులో గట్టు తగాదా యుండవచ్చును. అన్నదమ్ముల భాగపు పంచాయతి చెడియుండవచ్చును. అప్పులవాండ్ర పోరు పడలేక తన ప్రాణముపై తనకే విసుగు కలిగియుండవచ్చును. అమెరికాలో ఏటేట తుపాకి మరణములలో సగమునకు పైగా ఆత్మహత్యలే. తుపాకి గల యింట ఆ అపాయము హెచ్చని అచటి పరిశోధకులు పలుమారు తేల్చిరి. మన రైతు చేతికి సులభముగ దొరకునది పురుగులమందు. ఆ మందు అందుబాటులో లేకుండ చేసిన దేశములలో ప్రాణములు నిలిచినవి. ఆవేశపు గడియ దాటిపోవునంత వరకు సాధనము దూరముగ నుండిన చాలునని దీని యర్థము. ఆ గడియలోనే సాధనమును తెచ్చి చేతిలో పెట్టువాడు చుట్టమా? ముఖము వాడియున్న మిత్రుడు తుపాకి యడిగిన, తుపాకి మాట విడిచి వాని మాట అడుగవలెను. అట్టి దుఃఖములో నున్నవాని యింటనే లైసెన్సు తుపాకి యున్నచో, దానిని మన యింటికి తెచ్చి దాచుట గూడ చట్టవిరుద్ధమే. వాని చేతనే ఠాణాలో గాని, లైసెన్సు గల ఆయుధవర్తకుని యొద్ద గాని భద్రపరుపించి రసీదు పుచ్చుకొనుట సరియైన త్రోవ.

కన్నబిడ్డకు ఇచ్చుటయు ఎరవే గదా యని అడుగవచ్చును. పల్లెలలో అన్నిటికన్న సామాన్యమైన ఎరవు ఇదియే. తండ్రి ముసలివాడైనాడు, తుపాకి గోడ దిగి కొడుకు భుజమెక్కినది, లైసెన్సు మాత్రము తండ్రి పేరనే యున్నది. తండ్రి పోయిన పిమ్మటయు ఏండ్లతరబడి అట్లే అటకపై పడియుండుట కలదు. అది వారసత్వ మని కొడుకు తలచును. శాసనము దృష్టిలో అది అక్రమముగ నుంచుకొనిన ఆయుధము. దీనికి సక్రమమైన దారి లేకపోలేదు. లైసెన్సుదారునికి డెబ్బది యేండ్లు నిండినను, తుపాకి ఆయన యొద్ద ఇరువదియైదేండ్లుండినను, వీనిలో ఏది ముందైన ఆ పిమ్మట, తాను జీవించియుండగనే వారసునికి లైసెన్సు ఇప్పించుకొనుటకు 2016నాటి ఆయుధముల నియమములు వీలు కల్పించినవి. మరణానంతరము ఆయుధమును ఠాణాలో ఒప్పగించి, వారసులు దరఖాస్తు పెట్టుకొనవలెను. బిడ్డపై ప్రేమ యున్న తండ్రి తుపాకిని గాక లైసెన్సును ఇప్పించి పోవలెను. ఇరువదియొక్క యేండ్లు నిండని కుర్రవానికి ముద్దుగ తుపాకి అప్పగించువారికి మిషిగన్ రాష్ట్రపు ఉదంతము చాలును. పదునైదేండ్ల కొడుకునకు తుపాకి సమకూర్చి, దానితో వాడు 2021లో బడిలో నలుగురు తోటి విద్యార్థులను చంపగా, 2024లో తల్లిదండ్రు లిరువురిని అచటి న్యాయస్థానము దోషులుగ తేల్చి చెరకు పంపినది.

ఇంగ్లండులో లైసెన్సు గల ఇరువురు వేటతుపాకి గలవారు కొలది గంటలపాటు ఒకరిదొకరు ఎరవు పుచ్చుకొనవచ్చును. డెబ్బదిరెండు గంటలు దాటిన తెలియజేయవలెను. మన చట్టమందు అంతపాటి వెసులుబాటు లేదు. లైసెన్సుగల మరియొకనికి శాశ్వతముగ మార్చుటకైనను ముందుగ అధికారులకు తెలిపి నలువదియైదు దినములు వేచియుండవలెను. ఇది రైతునకు కొంత కఠినమే యని మేము ఒప్పుకొందుము.

కావుననే అధికారులను ఒక మాట అడుగుచున్నాము. పంటరక్షణకై గొట్టమునుండి మందు కూరు తుపాకికి లైసెన్సు ఇయ్యవలెనని చట్టపు పదుమూడవ సెక్షనే చెప్పుచున్నది గదా. ఆ దరఖాస్తులు కంకి ఎండిపోవునంత వరకు బల్లపై నుండరాదు. అటవీశాఖ అనుమతిపత్రము రైతు మానుకోటకు పదిమార్లు తిరుగకయే దొరకవలెను. కేసముద్రపు మార్కెటు యార్డునకు మిరప, పసుపు, మక్కలు తెచ్చు రైతులు వేలకొలది వత్తురు. గింజపట్టు నెలకు ముందే ఒక దినము జిల్లా అధికారి, అటవీ అధికారి, ఠాణా అధికారి అచటికే వచ్చి కూర్చుండి, పందుల దరఖాస్తులు తీసికొని, పాత తుపాకులను ఒప్పగింపవచ్చిన వారసులకు భయపెట్టక రసీదు లియ్యవచ్చును. ఈ యేటి మక్క ఇంకను పొత్తిలోనే యున్నది, వ్యవధి కలదు.