వైద్య సలహా: నాన్న జబ్బు పిల్లలకు వస్తుందా?

ప్రశ్న: మావారి వయస్సు 46. బట్టల కొట్టులో గుమాస్తాగా పనిచేస్తున్నారు. కొన్ని నెలలు నీరసం, ఎడమ డొక్కలో బరువు అంటూ వచ్చారు. రక్తపరీక్ష చేయిస్తే తెల్లకణాలు లక్షా ఎనభై వేలు ఉన్నాయి. మూలుగ పరీక్ష కూడా చేసి ‘క్రానిక్ మైలాయిడ్ లుకేమియా, ఫిలడెల్ఫియా క్రోమోజోమ్ పాజిటివ్’ అని రాసిచ్చారు. ఇమాటినిబ్ 400 మిల్లీగ్రాముల మాత్ర రోజుకొకటి వాడమన్నారు. మూడు నెలలకు కణాలు 7,200కు దిగాయి. మా అత్తగారు “తగ్గిందిగా, ఇంకా ఆ వేడి మాత్రలెందుకు?” అంటున్నారు. మావారు పదిరోజులుగా రోజు విడిచి రోజు వేసుకుంటున్నారు. ఇదిలా ఉండగా మా బావగారు, “క్రోమోజోముల జబ్బు వంశంలో దిగుతుంది, మీది మేనరికం కూడానూ” అన్నారు. మా పెద్దమ్మాయికి సంబంధం కుదిరింది. నాకు నిద్ర పట్టడం లేదు. దయచేసి వివరించగలరు.

– పేరు రాయవద్దన్న ఒక సోదరి

జవాబు: అమ్మా, ముందుగా రెండు మాటలు చెబుతాను. ఒకటి: ఈ జబ్బు మీ పిల్లలకు వారసత్వంగా రాదు. రెండు: మీవారు ఈ రోజు నుంచే మాత్ర రోజూ వేసుకోవాలి. మానిన సంగతి దాచకుండా డాక్టరుకు చెప్పాలి. తప్పిన మాత్రలకు బదులుగా ఒకేసారి రెండు వేసుకోకూడదు. ఇక వివరాలు చూద్దాం.

మన శరీరంలోని కణాలలో 46 క్రోమోజోములు, అంటే 23 జతలు ఉంటాయి. కణం ఎప్పుడు పెరగాలి, ఎప్పుడు ఆగాలి అన్న ఆజ్ఞలు వాటిలో ఉంటాయి. 1960లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫర్డ్ అనే శాస్త్రజ్ఞులు ఈ జబ్బు ఉన్నవారి రక్తకణాలలో ఒక క్రోమోజోమ్ మామూలుకంటె పొట్టిగా ఉండడం గమనించారు. ఆ ఊరి పేరే దానికి స్థిరపడింది. అది ఎందుకు పొట్టిదైందో 1973లో చికాగోలో జానెట్ రౌలీ అనే డాక్టరమ్మ కనిపెట్టారు. 9వ క్రోమోజోమ్ చివరి ముక్క, 22వ దాని చివరి ముక్క తెగి, ఒకదాని స్థానంలో మరొకటి అతుక్కుంటున్నాయి. కుట్టు ఊడిన రెండు పుస్తకాలను మళ్ళీ కుట్టేటప్పుడు దీని చివరి కాగితాలు దానికి, దానివి దీనికి కలిపినట్లన్నమాట.

అలా తప్పుగా అతికిన చోట రెండు జన్యువులు కలిసి ‘బీసీఆర్-ఏబీఎల్’ అనే కొత్త జన్యువు పుడుతుంది. దాని నుంచి తయారయ్యే పదార్థం మూలుగలోని కణాలను “పెరగండి, పెరగండి” అంటూ ఆగకుండా తరుముతుంది. మర అరిగిపోయిన కుళాయి కట్టినా కారుతూనే ఉంటుంది కదా, అలాగే. తెల్లకణాలు లక్షలకు చేరడం, కడుపులో బల్ల పెరిగి డొక్క బరువెక్కడం అందువల్లనే. ఈ జబ్బు ఉన్నవారిలో నూటికి సుమారు 95 మందికి ఈ క్రోమోజోమ్ కనబడుతుంది.

ఇప్పుడు మీ బావగారి మాటకు వద్దాం. ఈ మార్పు తల్లి కడుపులో వచ్చింది కాదు. పెద్దయ్యాక మూలుగలోని ఒకే ఒక కణంలో పుట్టి, ఆ కణం సంతతిలో మాత్రమే వ్యాపించింది. వీర్యకణాలలోగాని, అండాలలోగాని ఇది ఉండదు. కనుక బిడ్డలకు సంక్రమించే దారి లేదు. పుట్టుకతో వచ్చే కొన్ని జబ్బులకు మేనరికం కారణమవుతుందన్నది నిజమే. ఈ జబ్బుకు మాత్రం దానితో సంబంధం లేదు. హిరోషిమా, నాగసాకిలలో అణుబాంబుల నుంచి బ్రతికి బయటపడ్డవారిలో ఇది ఎక్కువగా కనిపించింది. అంటే తీవ్రమైన రేడియేషన్ ఒక కారణం. తక్కినవారిలో చాలామందికి ప్రత్యేకించి కారణమేదీ కనబడదు. ఇది అంటువ్యాధి కూడా కాదు. మీ పిల్లలకు ఇందుకోసం క్రోమోజోమ్ పరీక్షలు చేయించి డబ్బు ఖర్చు పెట్టవద్దు.

పెళ్ళివారికి చెప్పాలా అని మీరు అడగలేదు గాని, మీ మనస్సులో ఉన్నది అదేనని తోస్తోంది. దాచితే రేపు మాత్రల డబ్బా చూసి లేనిపోని అనుమానాలు పడతారు. ఉన్నది ఉన్నట్లు చెప్పండి. వారికి సందేహముంటే మీ డాక్టరు గారి వద్దకే తీసుకువెళ్ళి ఆయన చేత చెప్పించండి.

ఇక మాత్రల సంగతి. ఒకప్పుడు ఈ జబ్బు వచ్చినవారు కొద్ది సంవత్సరాలే బ్రతికేవారు. బీసీఆర్-ఏబీఎల్ పదార్థాన్ని అడ్డగించే ఇమాటినిబ్‌కు 2001లో అమెరికాలో అనుమతి వచ్చాక పరిస్థితి మారిపోయింది. మందు బాగా పనిచేసినవారు ఇప్పుడు ఇంచుమించు అందరిలాగే పూర్ణాయుష్షుతో జీవిస్తున్నారు. 2013 ఏప్రిల్‌లో మన సుప్రీంకోర్టు ఈ మందుపై నోవార్టిస్ కంపెనీ కోరిన పేటెంటును తోసిపుచ్చింది. కనుక మన దేశపు కంపెనీలు తయారుచేసే మాత్రలు చాలా తక్కువ ధరకు దొరుకుతున్నాయి. ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద మీకు ఏమేరకు సాయం అందుతుందో ఆసుపత్రిలో అడగండి.

కాని కణాల లెక్క 7,200కు దిగినంత మాత్రాన జబ్బు పోయినట్లు కాదు. నిప్పు మీద బూడిద కప్పినట్లే. లోపల ఎంత మిగిలిందో తెలియాలంటే రక్తంలో బీసీఆర్-ఏబీఎల్ ఎంత శాతముందో పీసీఆర్ పరీక్ష చేయించాలి. మూడు నెలలకు అది 10 శాతానికి, ఆరు నెలలకు 1 శాతానికి, ఏడాదికి 0.1 శాతానికి దిగితే బాగున్నట్లు. మూడు నెలలు దాటాయి కనుక ఆ పరీక్ష అయిందో లేదో వెంటనే కనుక్కోండి. నెలలో మూడు మాత్రలకు మించి తప్పినవారిలో ఫలితం బాగా పడిపోయిందని పరిశోధనలు చూపాయి. మీవారు పదిరోజుల్లోనే అయిదు తప్పారు!

అశ్రద్ధ చేస్తే జబ్బు మందుకు లొంగకపోవచ్చు. కొందరిలో కొత్త క్రోమోజోమ్ లోపాలు తోడవుతాయి. 8వ క్రోమోజోమ్ ఒకటి అదనంగా చేరడం, ఫిలడెల్ఫియా క్రోమోజోమే రెండవది ఏర్పడడం అటువంటివి. జబ్బు వేగం పుంజుకుంటోందనడానికి అవి హెచ్చరికలు. ఒక మందు పనిచేయకపోతే వేరే మందులూ ఉన్నాయి, అధైర్యపడనక్కరలేదు. ఏళ్ళ తరబడి జబ్బు అతి తక్కువ స్థాయిలో నిలిచిన కొందరికి డాక్టర్లే మాత్ర ఆపి, తరచు పరీక్షిస్తూ చూస్తారు. అయినా వారిలో సుమారు సగం మందికి జబ్బు తిరిగి కనబడి మాత్ర మళ్ళీ మొదలుపెట్టవలసి వస్తోంది. మూడు నెలలకే సొంతంగా మానడం ప్రమాదం.

మాత్రను భోజనంతో, పెద్ద గ్లాసు నీళ్ళతో వేసుకోవాలి. కడుపులో వికారం, కళ్ళ చుట్టూ ఉబ్బు, పిక్కలు పట్టేయడం కొందరికి ఉంటాయి. అత్తగారు అంటున్న ‘వేడి’ ఇదే అయివుంటుంది. వీటికి ఉపాయాలున్నాయి, డాక్టరుకు చెప్పండి. గ్రేప్‌ఫ్రూట్, దాని జాతిదైన పంపరపనస తినకూడదు. పసరులు, చూర్ణాలు డాక్టరుకు చెప్పకుండా వాడవద్దు. జ్వరం, రక్తస్రావం, ఆగని వాంతులు ఉంటే ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్ళాలి.

తక్కిన పాఠకులకు ఒక మాట. ‘క్రానిక్ లుకేమియా’లన్నీ ఒకటి కావు. పెద్ద వయస్సులో వచ్చే లింఫోసైటిక్ రకంలో 13వ లేదా 17వ క్రోమోజోమ్‌లో ముక్క పోవడం వంటి వేరే లోపాలుంటాయి. దానికి వైద్యమూ వేరే. కొందరికి వెంటనే మందే అక్కరలేదు. ఒకరి మాత్ర ఇంకొకరికి ఇవ్వకండి.

అమ్మా, రాత్రి భోజనాల వేళ ఆ మాత్ర ఇచ్చే పని మీ అమ్మాయికే అప్పగించండి. నాన్న ఆరోగ్యంగా పీటల మీద కూర్చొని తన పెళ్ళి చేయాలని ఆమెకూ ఉంటుంది కదా!