విహారయాత్రలు మానుదుమా?

గత దసరా సెలవులకు ముందు మన పాఠశాల విద్యార్థులు ముప్పదియెనమండ్రు, ఉపాధ్యాయులము నలుగురము గండికోటకు పోయివచ్చిన సంగతి చదువరులకు తెలిసినదే. ఆ దినమున జరిగిన దానిని ఊరిలో పలువిధములుగా చెప్పుకొనుచున్నారు. పిడుగు పడి ఇరువురు మూర్ఛిల్లిరని కొందరును, పెన్నలో కొట్టుకొనిపోవుచున్న బాలుని జాలరులు బయటకు లాగిరని కొందరును చెప్పగా విని మేమే ఆశ్చర్యపడితిమి. జరిగినది ఇంతకన్న చాల చిన్నది. తొమ్మిదవ తరగతి బాలిక యొకతె తడిసిన బండమీద జారిపడి మణికట్టు ఎముక విరుగగొట్టుకొన్నది. అయినను ఆ రాత్రి ఆస్పత్రి వరండాలో ఆమె తల్లి ముఖము చూచిన మాకు అది చిన్న సంగతిగా తోచలేదు.

అటుపిమ్మట జరిగిన తల్లిదండ్రుల సభలో ఇకమీదట ఇట్టి యాత్రలు వలదనియు, పోకతప్పదన్నచో బాలురను మాత్రమే తీసికొనిపోవలెననియు కొందరు పెద్దలు పలికిరి. వారు కోపముతో గాక భయముతో పలికిరి. కావుననే బదులు చెప్పవలసిన బాధ్యత మాపై నున్నది.

ముందుగా మా తప్పు ఒప్పుకొందుము. ఉదయము ఏడు గంటలకు రావలసిన బస్సు తొమ్మిదింటికి వచ్చెను. కోట, మాధవరాయస్వామి ఆలయము, జుమ్మా మసీదు, ధాన్యాగారము చూచి, తెచ్చుకొన్న చిత్రాన్నము తిని లేచునప్పటికి ఒంటిగంటన్నర అయ్యెను. లోయలోనికి దిగి ఎక్కుట ఉదయముననే ముగింపవలెనని మేము నిశ్చయించుకొనియుంటిమి. కాని ఇంత దూరము వచ్చి నీళ్లు తాకకయే పోవుదుమా యని పిల్లలు బ్రతిమాలగా మా మనస్సు కరగెను. ఆ మధ్యాహ్నము ఉరుములతో వాన కురియునని సెల్‌ఫోనునకు హెచ్చరికయు వచ్చియుండెను. దానిని చదివితిమి, చదివి, పైన ఎండ కాయుచుండుటచే, అది మరియొక మండలమువారికి పంపినదై యుండునని మాకు మేమే నచ్చచెప్పుకొంటిమి. పిల్లలకు పాఠము శ్రద్ధగా చదువుడని చెప్పు మేమే ఇట్లు చేసితిమి.

గండికోట చూడనివారి కొరకు రెండు మాటలు. జమ్మలమడుగునకు సుమారు 15 కిలోమీటర్ల దూరమున పెన్నానది ఎర్రమల కొండలను నిలువునా కోసికొని పోవుచున్నది. ఆ గండినిబట్టియే కోటకు ఆ పేరు వచ్చినది. సుమారు 300 అడుగుల దిగువను నీరు పచ్చగా కనబడును. ఇరుప్రక్కలను ఎఱ్ఱని రాళ్లు, ఎవరో తాపీవాడు పేర్చినట్లు, వరుసమీద వరుసగా నున్నవి. దిగుటకు మెట్లు లేవు. బండనుండి బండకు చేతులు ఆనించుకొని దిగవలెను.

కొండ ఎక్కువానికి కష్టము ముందు వచ్చును. అలసినవాడు అచ్చటనే వెనుకకు మరలవచ్చును. లోయయందు ఇది తలక్రిందులు. దిగునప్పుడు కాళ్లు వాటంతటవే పోవుచున్నట్లుండును. నీళ్లకడ కూర్చుండి నవ్వుకొనునప్పుడు ఎంత శ్రమ మిగిలియున్నదో ఎవనికిని తోచదు. అమెరికాదేశమున కొలరాడోనది కోసిన గ్రాండ్ కాన్యన్ అను మహాలోయ కలదు. దాని పొడవు 446 కిలోమీటర్లు. లోతు ఒక మైలునకు మించును. వేసవిలో పైయంచున కన్న అడుగున వేడి సుమారు పది డిగ్రీలు హెచ్చుగా నుండును. ఒక్కదినముననే నదివరకు దిగి మరల ఎక్క ప్రయత్నింపవలదని అచ్చటి అధికారులు త్రోవలయందు పలకలు నాటించిరి. అయినను బలిష్ఠులైన యువకులే అందు చిక్కుకొనుచుందురట. చెమటతో ఉప్పు పోగా వట్టి నీళ్లే మితిమీరి త్రాగి జబ్బుపడువారును కలరు. మన అవ్వలు పొలమునకు పోవువారికి ఉప్పు వేసిన మజ్జిగ ఇచ్చి పంపుటలోని తెలివి ఇప్పుడు వైద్యులు మెచ్చుకొనుచున్నారు.

మేము నీళ్లకడ నున్నది అరగంట. లోయ అడుగునుండి చూచినచో ఆకాశము ఒక పట్టీవలె కనబడును. ఆ పట్టీ నిర్మలముగనే యుండెను. మబ్బు కోట వెనుకనుండి వచ్చెను. తొలి ఉరుము వినబడినప్పుడు అది ఏ దిక్కుననో ఎవరును చెప్పలేకపోయిరి. ధ్వని ఆ గోడకును ఈ గోడకును తగిలి తిరుగుచుండెను. కొందరు బాలురు కేరింతలు కొట్టిరి. మేము ఎక్కుడని కేకవేసితిమి.

సగము ఎక్కునప్పటికి గాలి లేచెను. పదవ తరగతి బాలిక యొకతె, భౌతికశాస్త్ర పాఠము జ్ఞాపకము చేసికొని కాబోలు, మెరుపు మెరిసినది మొదలు ఉరుము వినబడువరకు అంకెలు లెక్కించుచు ఎక్కుచుండెను. ధ్వని సెకనునకు సుమారు 340 మీటర్లు పోవును గనుక మూడు సెకనులకు ఒక కిలోమీటరు. మొదట ఆమె పండ్రెండు లెక్కించెను. కొంత సేపటికి ఆరు. "అయ్యా, అది మన వైపే వచ్చుచున్నది" అని ఆ పిల్ల మాతో చెప్పినప్పుడు ఆమె గొంతున భయము లేదు, తొందరయే యున్నది. మాకు మాత్రము భయము కలిగెను. త్వరగా, త్వరగా యని మేము అరచితిమి. ఆ అరపులకే పిల్లలు ఒకరినొకరు తోసికొనిరి. ఆ తోపులాటలోనే, వాన మొదలైన రెండు నిమిషములకు, తొమ్మిదవ తరగతి బాలిక జారెను. ఆమెను పడగొట్టినది వాన కాదు, మా నోరు అని మేము నిజముగా తలంచుచున్నాము.

పైకి చేరగానే బాలురు పదిమంది అంచున ఒంటిగా నున్న చెట్టుక్రిందికి పరుగెత్తబోయిరి. వారిని గద్దించి బస్సులోనికి ఎక్కించి అద్దములు మూయించితిమి. ఇనుపకప్పు గల బండిలో కూర్చున్నవానిమీద పిడుగు పడినను విద్యుత్తు వెలుపలి రేకునుండియే నేలకు పోవును. ఆ చెట్టుపై పిడుగు పడలేదని కూడ చెప్పవలెను. మేము వారిని అడ్డకున్నను ఆ దినము వారికి ఏమియు కాకపోయెడిది. ఆ మాటే పట్టుకొని ఒక బాలుడు మరునాడు మాతో వాదించెను. పడని పిడుగును చూపి చెట్టు మంచిదనుట ఎట్టిదో వానికి బోధించుటకు మాకు ఒక పీరియడు పట్టినది.

ఇక అసలు సంగతి. యాత్ర మానినచో ఆపద తొలగునా? 2018వ సంవత్సరము ఏప్రిల్ 24వ తేదీన ఆంధ్రప్రదేశమున పదుమూడు గంటలలో 36,749 పిడుగులు లెక్కకు వచ్చినవి. అవి లోయలు చూడబోయినవారిని వెదకికొని పడలేదు. మన జిల్లాలలో పిడుగుపాటున చనిపోవువారిలో పెక్కురు పొలమున కలుపు తీయువారు, గొఱ్ఱెలు మేపువారు, వాన వెలియువరకని చెట్టుక్రింద నిలిచినవారు. మన విద్యార్థులలో సగముమంది ఇండ్లు అట్టివే. గండికోటకు పంపమని చెప్పిన తండ్రియే వాన కురియుచుండగా కుమారుని మోటారు సైకిలు వెనుక కూర్చుండబెట్టుకొని వాగు దాటించుట మేము కన్నులార చూచితిమి. వడిగా పోవు నీరు జానెడు లోతున్నను మనుష్యుని కాళ్లు తప్పించగలదు. అడుగు లోతున్నచో చిన్న కారును తేల్చగలదు. ఆ వాగునకు అనుమతిపత్రము అక్కరలేదు, ఉపాధ్యాయుడు వెంటనుండడు. సాహసము మన పిల్లల ఇంటిముంగిటనే యున్నది.

మన వైపు వాన లేకున్నను నీరు రావచ్చునను సంగతి పుస్తకమున చదివినంతమాత్రమున మనస్సునకు ఎక్కదు. 1997 ఆగష్టు 12వ తేదీన అమెరికాలోని ఆంటిలోప్ లోయయందు పదునొకండుగురు యాత్రికులు వరదలో చనిపోయిరి. వాన కురిసినది అచ్చట కాదు, ఎగువను మైళ్ల దూరమున. మనకు మరింత దగ్గర దుఃఖము 2014 జూన్ 8వ తేదీది. హిమాచలప్రదేశమున మండీ జిల్లాలో బియాస్ నదిలోని రాళ్లపై ఛాయాచిత్రములు తీసికొనుచుండిన హైదరాబాదు విద్యార్థులు ఇరువదినలుగురును, వారి యాత్రను నడుపుచుండిన ఒకరును ఎగువ లార్జీ ఆనకట్టనుండి విడిచిన నీటిలో కొట్టుకొనిపోయిరి. ఆ తల్లిదండ్రుల ముందు యాత్రలు మంచివని చెప్పుటకు మాకు నోరు రాదు. అయినను వారి బిడ్డలు నది చూచినందున చనిపోయిరని మేము తలంపము. పైన ఆనకట్ట యున్నదనియు, ఎండిన రాళ్లు ఏ క్షణముననైనను నదియగుననియు చెప్పువారు ఆ గట్టున లేకపోయిరి. చెప్పువారు ఉండవలెననియే మా వాదము.

బాలురను మాత్రమే పంపుడను మాటకు మేము ఎంతమాత్రము ఒప్పుకొనము. ఆ దినమున పిడుగు దూరమును కొలిచినది ఒక బాలిక. చెట్టుక్రిందికి పరుగెత్తినవారు పదిమందియు బాలురు. వేరు కారణములు చెప్పనక్కరలేదు.

సాహసమను మాటకు మన పాత ధర్మశాస్త్రములలో బలాత్కారముతో చేసిన నేరమని అర్థము. తెలుగు ఇండ్లలోను సాహసింపకుమని మందలించునప్పుడు వెనుకముందు చూడని తొందరపాటునే తలంతురు. ఆ అర్థములో ఆ దినమున సాహసము చేసినది పిల్లలు కారు, ఒంటిగంటన్నరకు లోయకు దారితీసిన మేము. వెనుకకు మరలుట సిగ్గని మాకెవరు నేర్పిరో తెలియదు. నీళ్లు తాకకయే తిరిగివచ్చిన యాత్రను పత్రికలో వర్ణించుటకు ఏమియు నుండదని మాలో ఒకరు ఆ మధ్యాహ్నము పరిహాసమాడిరి కూడ.

వచ్చు జనవరిలో మరల గండికోటకే పోదుమని ప్రధానోపాధ్యాయులవారితో మనవి చేసికొంటిమి. జనవరిలో ఉరుములు అరుదు, ఎండయు తక్కువ. ఉదయము పదింటికి ముందు దిగవలెను, మధ్యాహ్నమునకు పైనుండవలెను. పదిమందికి ఒక ఉపాధ్యాయుడు. ప్రతివారికి రెండు సీసాల నీళ్లు, ఒక సీసా ఉప్పు మజ్జిగ, అడుగు అరగని బూట్లు. పూణేలోని ఉష్ణమండల వాతావరణ సంస్థవారి దామిని యను పిడుగుల హెచ్చరిక మాలో ఇరువురి ఫోనులలో ఉండును. అది మ్రోగినచో ఏ మండలమునకని విచారింపము. ఉరుము వినబడినచో బస్సులోనికి, కడపటి ఉరుము తరువాత అరగంటవరకు వెలుపలికి రాము. మణికట్టు విరిగిన బాలిక తండ్రి తమ అమ్మాయి పేరు వ్రాసికొనుడని చెప్పలేదు, వలదనియు చెప్పలేదు. కట్టు విప్పిన పిమ్మట చూతమనిరి. తక్కినవారి అనుమతిపత్రములు డిసెంబరు 15లోగా తరగతి ఉపాధ్యాయులకు చేరవలెను. బస్సు ఆరు గంటలకు రాకపోయినచో ఆ దినము ప్రయాణము లేదు.