చేతులు కాలాక రాసుకున్న కాగితాలు

పెద్దమనుషుల ఒప్పందం గురించి మా మైలవరం వైపు ఒక మాట స్థిరపడిపోయింది: "ఒప్పందం మంచిదేనండీ, రాజకీయ నాయకులే పాడుచేశారు." మామిడితోటల్లోనూ, మా సాఫ్ట్‌వేర్‌ వాళ్ల వాట్సాప్ గ్రూపుల్లోనూ ఇదే పాట. వినడానికి హాయిగానే ఉంటుంది. నిజం మాత్రం కాదు.

1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో రాసుకున్నదేమిటి? ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వారైతే ఉపముఖ్యమంత్రి రెండో ప్రాంతం వారు కావాలి. నవంబరులో నీలం సంజీవరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు, ఉపముఖ్యమంత్రి లేరు. షరతు మొదటిరోజే తప్పింది. దానిమీద కోస్తాలో ఉద్యమమేదీ రాలేదు. అదే 1972లో, ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు అనగానే 'జై ఆంధ్ర' అంటూ రైళ్లు ఆపాం. తప్పు నాయకులదొక్కటేనా? మాట తప్పడం వల్ల లాభపడ్డవాళ్లు నోరు మెదపకపోతే ఏ ఒప్పందమూ నిలవదు.

ట్రాన్సిల్వేనియాలో ఇంతకన్నా ఘోరం జరిగింది. 1849 మేలో హంగేరియన్ నేత కొషూత్ తరఫున ఇయోన్ ద్రాగోష్ రాజీమాటలు పట్టుకుని రొమేనియన్ల దగ్గరికి, అబ్రూద్ వెళ్లాడు. మాటలు నడుస్తుండగానే హత్వానీ అనే హంగేరియన్ మేజర్ సేనతో ఊళ్లో దిగాడు. రొమేనియన్లు ద్రాగోష్‌ని ద్రోహి అని చంపేశారు. జులై 14న కొషూత్, బల్చెస్కు శాంతిపత్రం రాసుకున్నారు. జులై 28న జాతుల హక్కుల చట్టం వచ్చింది. ఆగస్టు 13న హంగేరీ సైన్యం రష్యన్ల ముందు ఆయుధాలు దించేసింది. చట్టం వయసు పదహారు రోజులు!

"యుద్ధంతో పోలికేమిటి?" అంటారు. నెత్తురు లెక్క వేరు, ఒప్పుకుంటాను. వరస మాత్రం అదే. 1969లో తెలంగాణ రగిలాక అష్టసూత్రాలు, 1973లో ఆంధ్ర రగిలాక ఆరుసూత్రాలు, ఆ ఆరు సూత్రాలకీ తూట్లు పడ్డాక 1985లో 610 జీవో. ప్రతిసారీ ఇల్లు కాలాకే బావి తవ్వారు.

2014 విభజన చట్టంలోని తొమ్మిది, పది షెడ్యూళ్ల సంస్థల పంపకం, కృష్ణా నీళ్ల తగువు పదేళ్లు దాటినా తెగలేదు. ఇప్పుడు వీధుల్లో మంటలేవీ లేవు. ఇవ్వాల్సింది ఇచ్చే సమయం ఇదే. తెలంగాణకి న్యాయంగా రావాల్సినదేమిటో విజయవాడలో మనం అడగాలి. మనకి రావాల్సినదేమిటో హైదరాబాదులో వాళ్లు అడగాలి. ఎవరి వాటా వాళ్లే అడుక్కుంటూ కూర్చుంటే మిగిలేది ఇంకో కాగితమే.